ఒక రొట్టె... నాలుగు శాస్త్రాలు!

జొన్నలు తినేవాళ్లకు ఆ జబ్బు ఎందుకొస్తోంది? ప్రశ్న వైద్యులది. జవాబు కోసం జీవరసాయన శాస్త్రం తలుపు తట్టాల్సి వచ్చింది. అక్కణ్నుంచి అది పంటల పరిశోధకుల దగ్గరికీ, ఆర్థికవేత్తల దగ్గరికీ, చివరికి రొట్టెలు చేసే మహిళల దగ్గరికీ వెళ్లింది. వేర్వేరు శాస్త్రాలవాళ్లు ఒకే సమస్య మీద కలిసి పనిచేస్తే దక్కేదేమిటి, పోయేదేమిటి? అరవై ఏళ్ల జొన్న పరిశోధన చరిత్రలో రెంటికీ సాక్ష్యాలున్నాయి.

నారాయణఖేడ్‌లో హైదరాబాద్ బస్సెక్కితే జోగిపేట, సంగారెడ్డి దాటాక కందిలో ఐఐటీ వస్తుంది. ఇంకొంచెం ముందుకెళితే పటాన్‌చెరులో ఇక్రిశాట్. నగరంలోకి ప్రవేశించి తార్నాక చేరుకుంటే జాతీయ పోషకాహార సంస్థ. ఒకే దారిలో ఇన్ని పరిశోధనా కేంద్రాలున్న ప్రాంతాలు దేశంలో తక్కువే. ఆ దారికి ఈ చివరన ఉన్న నారాయణఖేడ్ ప్రాంతం తరతరాలుగా జొన్నలు పండించింది, జొన్నలే తిన్నది. పొద్దున అంబలి, మధ్యాహ్నం గటక, రాత్రికి రొట్టె. పక్కనే ఉన్న బీదర్‌లోనూ, కాస్త పైన మహారాష్ట్ర పల్లెల్లోనూ అదే తిండి. ఇప్పుడు ఇక్కడి చేలల్లో పత్తి, సోయా, కంది ఎక్కువగా కనిపిస్తున్నా రొట్టె రుచిని మాత్రం జనం మరిచిపోలేదు.

ఆ రొట్టె చుట్టూనే ఓ పెద్ద శాస్త్రీయ కథ నడిచింది.

మెడ చుట్టూ నల్లని మచ్చ

పెల్లాగ్రా... ఈతరం వాళ్లు పెద్దగా విని ఉండని జబ్బు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొరలుగా ఊడిపోతుంది. మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ పడుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత మతి తప్పుతుంది. నిద్ర ఉండదు, దిగులు, అయోమయం. వైద్యం అందకపోతే ప్రాణమే పోతుంది. కారణం నియాసిన్ అనే బి-విటమిన్ లోపం.

ఈ జబ్బు అసలు తిండికి సంబంధించినదేనా అన్న విషయం తేల్చడానికే చాలా కాలం పట్టింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేలమందిని బలి తీసుకుంటున్న రోజుల్లో దీన్ని అంటువ్యాధి అనుకునేవారు. 1914లో ఆ ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుణ్ని రంగంలోకి దించింది. ఆయన రోగులను మాత్రమే చూసి ఊరుకోలేదు. ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తను వెంటబెట్టుకుని 1916లో దక్షిణ కరోలినాలోని ఏడు పత్తిమిల్లు గ్రామాలకు వెళ్లాడు. ఏ ఇంట్లో ఎంత ఆదాయం, ఏమేం కొంటున్నారు, ఏం తింటున్నారు... ఇంటింటి లెక్కలూ తీశారు. ఆదాయం తగ్గేకొద్దీ జబ్బు పెరుగుతోందని ఆ లెక్కలు చెప్పాయి. వైద్యుడికి రోగం తెలుసు, ఆర్థికవేత్తకు పేదరికం తెలుసు. ఆ రెండూ ఒకే కాగితం మీదికి వస్తే తప్ప పెల్లాగ్రా గుట్టు బయటపడలేదు. నియాసిన్‌తో చికిత్స చేయొచ్చని తేలింది ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు, 1937లో.

మొక్కజొన్న సరే, జొన్నకేమైంది?

అమెరికాలో జబ్బు వచ్చింది మొక్కజొన్న తినేవాళ్లకు. అందులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. మన శరీరం నియాసిన్‌ను కొంతవరకు దాన్నుంచే తయారుచేసుకుంటుంది. కాబట్టి అక్కడ లెక్క సరిపోయింది. మరి దక్కన్ పీఠభూమిలో జొన్నలు తినే పేదలకు ఎందుకొస్తున్నట్టు? జొన్నలో ట్రిప్టోఫాన్ కొరత అంతగా లేదే!

కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. ఇక్కడి ఆసుపత్రుల్లో పెల్లాగ్రా రోగులను చూసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య జొన్నలో ఎక్కువగా ఉన్నదేమిటో చూశారు. అది ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం. ఆ ఎక్కువే శరీరంలో నియాసిన్ వ్యవహారాన్ని దెబ్బతీస్తోందన్నది వారి ప్రతిపాదన. 1960లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్ దాన్ని ప్రచురించింది.

ఆ తర్వాత పదేళ్లకు పైగా ఆ ప్రయోగశాలలో జరిగిన పని చూస్తే ఏ శాస్త్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం. జీవరసాయన నిపుణులు మూత్ర పరీక్షలతో నియాసిన్ జాడలు పట్టారు. జంతు ప్రయోగాలు చేసేవారు కుక్కలకు జొన్న తిండి పెట్టి, వాటికి నల్లనాలుక జబ్బు రావడం గమనించారు. కుక్కల్లో అది పెల్లాగ్రాకు సమానం. ల్యూసిన్ తక్కువున్న జొన్న పెడితే ఆ జబ్బు రాలేదు. మరోవైపు రోగుల మెదడులోని విద్యుత్ తరంగాలను ఈఈజీ యంత్రంతో నమోదు చేశారు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1970ల చివర్లో విదేశీ ప్రయోగశాలలు కుక్కల మీద అలాంటి ప్రయోగాలే చేస్తే అదే ఫలితం రాలేదు. ల్యూసిన్ పాత్ర ఎంత అన్నది వాదవివాదాల్లో పడింది. ఈలోగా పల్లెల్లో తిండే మారింది. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. జొన్నరొట్టె పక్కకు అన్నం వచ్చింది. పెల్లాగ్రా క్రమంగా అరుదైపోయింది. తిండిలో వైవిధ్యం పెరగడం ఇందుకు ముఖ్య కారణమని పోషకాహార నిపుణులు అంటారు. అంటే, జబ్బు తగ్గిన ఘనతను ఏ ఒక్క శాస్త్రం ఖాతాలోనూ వెయ్యలేం!

నోట్లో పాలు... చేలో తాలు

తిండిగింజలోనే లోపం ఉందంటే గింజను మార్చేస్తే సరి కదా? ఇది పంటల శాస్త్రవేత్తల ఆలోచన. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. మెట్ట ప్రాంతాల పంటల మీద పరిశోధన దాని బాధ్యత. అందులో జొన్న ముఖ్యమైనది. ఆ రోజుల్లో ప్రపంచమంతటా ‘ప్రొటీన్ కొరత’ గురించే మాట. జొన్నలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ కాబట్టి దాన్ని పెంచితే పేదల తిండి బాగుపడుతుందని నమ్మకం.

1973లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి ఓ కబురొచ్చింది. రామేశ్వర్ సింగ్, జాన్ ఆక్స్‌టెల్ అనే శాస్త్రవేత్తలు వేలాది జొన్న రకాలను జల్లెడపట్టి లైసిన్ పుష్కలంగా ఉన్న రెండింటిని పట్టుకున్నారు. రెండూ ఇథియోపియావి. అక్కడి రైతులు అలాంటి జొన్నను ‘నోట్లో పాలు’ అని అర్థం వచ్చే పేరుతో పిలుచుకునేవారు. పాలకంకులను కాల్చుకుని తినేవారు. శాస్త్రవేత్తల్లో ఉత్సాహం పొంగింది. ఇక్రిశాట్‌లోనూ ఆ గుణాన్ని మంచి రకాల్లోకి తెచ్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఒక్కటే చిక్కు. ఆ గింజ సొట్టపడి, ముడుచుకుని ఉంటుంది. దిగుబడీ తక్కువ.

దిగుబడి తగ్గినా పోషకాలు పెంచాలా? లేక దిగుబడే ముఖ్యమా? ఈ ప్రశ్నకు గింజను ఎంతసేపు పరీక్షించినా జవాబు దొరకదు. పల్లెలో ఎవరు ఏం తింటున్నారో, ఏది తక్కువైందో తెలియాలి.

పళ్లెంలో ఏముందో చూసొచ్చారు

ఆ తెలుసుకునే పని అప్పటికే వేరే విభాగంలో మొదలైంది. 1975లో ఇక్రిశాట్ ఆర్థికవేత్తలు ఆరు గ్రామాలను ఎంచుకున్నారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూర్. మహారాష్ట్రలోని సోలాపూర్ జిల్లాలో రెండు, అకోలా జిల్లాలో రెండు. ఊరికి 40 కుటుంబాలు. వాటిలో పది కూలి కుటుంబాలు, మిగతావి చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులవి. స్థానిక భాష తెలిసిన పరిశోధకులు ఆ ఊళ్లోనే కాపురం పెట్టి, మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి వివరాలు రాసుకునేవారు. ఏం విత్తారు, ఎంత అప్పు చేశారు, ఎవరు ఎన్ని రోజులు కూలికి వెళ్లారు, ఏం అమ్మారు... అన్నీ. ఇలా దాదాపు పదేళ్లు!

ఆ ఊళ్లలోనే తిండి సర్వే కూడా చేశారు. ఆర్థికవేత్త జేమ్స్ రయాన్, ఆయనతో పాటు ప్యాట్రీషియా బిడింగర్, జాతీయ పోషకాహార సంస్థ నుంచి ఎన్. ప్రహ్లాదరావు, వ్యవసాయ విశ్వవిద్యాలయ హోంసైన్స్ కళాశాల నుంచి ఆచార్య పి. పుష్పమ్మ కలిసి పనిచేశారు. ఇంట్లో ఒక్కొక్కరూ విడివిడిగా ఎంత తింటున్నారో లెక్కతీశారు. 1984లో వెలువడిన నివేదిక చెప్పిన సంగతి ఇదీ: ఈ పల్లెల్లో ప్రధానమైన కొరత ప్రొటీనో, లైసినో కాదు. కడుపు నిండా తిండి. ఆపైన కాల్షియం, ఎ-విటమిన్, బి-విటమిన్లు.

కాబట్టి జొన్న పరిశోధన లైసిన్ వెంట పరుగెత్తడం కంటే నిలకడగా ఎక్కువ పండే రకాల మీద శ్రద్ధపెట్టడం మేలని వారు తేల్చారు. ఆ మాట వినడం తేలికైన పనేమీ కాదు. ఏళ్ల తరబడి సంకరాలు చేసి, వేల మొక్కలను పరీక్షించినవారికి ‘మీరు వెతుకుతున్నది వాళ్లకు అత్యవసరమైనది కాదు’ అని పక్క విభాగంవాళ్లు చెబితే ఎలా ఉంటుంది? అయినా ఇక్రిశాట్‌లో లైసిన్ పని వెనక్కి తగ్గింది, దిగుబడి, నిలకడ ముందుకొచ్చాయి. శాస్త్రాలు కలిసి పనిచేయడమంటే ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం మాత్రమే కాదు. ఎదుటివారి జవాబు మన పనిని తలకిందులు చేసినా ఒప్పుకోగలగడం. ఈ పరిశోధనల్లో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం అదే, అన్నిటికన్నా విలువైనదీ అదే.

రొట్టె విరిగితే హైబ్రిడ్ ఓడినట్టే

దేశంలో తొలి హైబ్రిడ్ జొన్న సీఎస్‌హెచ్-1 1964లోనే వచ్చింది. దిగుబడి చూసి శాస్త్రవేత్తలు మురిసిపోయారు. అంగట్లో మాత్రం దానికి దేశవాళీ జొన్న ధర పలకలేదు. కారణం... రొట్టె! పిండి సాగాలి, చేత్తో తడితే అంచులు పగలకూడదు, కాల్చాక మెత్తగా ఉండాలి, సాయంత్రానికీ తినబుద్ధి కావాలి. ఇవేవీ దిగుబడి పట్టికల్లో కనిపించని గుణాలు.

దాంతో రొట్టె కూడా పరిశోధన వస్తువైంది. రొట్టెకు పేరుమోసిన సోలాపూర్ మాల్‌దండి జొన్నను కొలబద్దగా పెట్టుకుని పిండి సాగుదల, రంగు, రుచి, నిల్వగుణాలకు మార్కులు వేయడం మొదలుపెట్టారు. 1981లో పటాన్‌చెరులో జొన్న గింజ నాణ్యత మీద అంతర్జాతీయ సదస్సే జరిగింది. వంటింట్లో ఆడవాళ్లు చేత్తో పట్టి చెప్పే సంగతులకు జీవరసాయన నిపుణులు అంకెలు వెతికారు.

చొప్పదీ అదే కథ. పొట్టిగా ఉండి గింజ ఎక్కువిచ్చే రకాలంటే శాస్త్రవేత్తకు ముద్దు. రైతుకు మాత్రం గింజ తనకైతే, చొప్ప పశువులకు. హైదరాబాద్‌లోని చొప్ప మార్కెట్లను 2000ల్లో పశుపోషణ నిపుణులు, ఆర్థికవేత్తలు కలిసి పరిశీలించారు. జీర్ణమయ్యే గుణం 47 శాతం ఉన్న చొప్పకూ, 52 శాతం ఉన్న చొప్పకూ ధరలో పాతిక శాతం దాకా తేడా కనిపించింది. చూడటానికి చిన్న తేడా, పాల వ్యాపారికి పెద్ద లెక్క. దాంతో కొత్త రకాన్ని ఎంచేటప్పుడు గింజతో పాటు చొప్పనూ పరీక్షించాలన్న వాదనకు బలం వచ్చింది.

పిరికితనం కాదు, లెక్క!

‘మెట్ట రైతు భయస్తుడు, కొత్తదాన్ని ముట్టుకోడు’ అనే మాట అప్పట్లో తరచూ వినిపించేది. నిజమేనా? ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ ఆ గ్రామాల్లో బొమ్మా బొరుసూ ఆటలాంటి పరీక్ష పెట్టాడు. ఉత్తుత్తి పందెం కాదు, నిజం డబ్బుతోనే. 1980లో ఫలితాలు వెలువడ్డాయి. పెద్ద మొత్తాల దగ్గరికొచ్చేసరికి పేదవాళ్లూ, ఉన్నవాళ్లూ ఇంచుమించు ఒకేలా జాగ్రత్తపడ్డారు. అంటే పేద రైతు పుట్టుకతో పిరికివాడేమీ కాదు. అతణ్ని ఆపుతున్నది అప్పు పుట్టకపోవడం లాంటి అడ్డంకులు. మనస్తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం, వ్యవసాయం కలిసిన పరీక్ష అది.

ఆ ఊళ్ల లెక్కలు అంతటితో ఆగలేదు. ఔరేపల్లి, మహారాష్ట్రలోని మరో రెండు గ్రామాల సమాచారంతో రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1994లో ఓ పరిశోధన పత్రం ప్రచురించాడు. కరవొచ్చి ఒక ఇంటి ఆదాయం పడిపోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా పడిపోవడం లేదు, ఊరంతటి ఖర్చుతో పాటే నడుస్తోంది అని చూపాడు. చేబదుళ్లు, చుట్టరికాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు బీమాలా పనిచేస్తున్నాయన్నమాట. మన పల్లెటూరి ఇరుగుపొరుగు సంగతి ప్రపంచవ్యాప్తంగా అర్థశాస్త్ర తరగతుల్లో పాఠమైంది.

ఎందుకింత కష్టం?

ఇన్ని లాభాలున్నప్పుడు అందరూ ఇలాగే చేయొచ్చుగా? చేయలేకపోవడానికి కారణాలున్నాయి.

మొదటిది భాష. ‘నాణ్యత’ అనే ఒక్క మాటే తీసుకోండి. జీవరసాయన నిపుణుడికి అది అమైనో ఆమ్లం. పంటల శాస్త్రవేత్తకు బూజు పట్టని గింజ. వ్యాపారికి తెల్లని రంగు. రొట్టె చేసే తల్లికి సాగే పిండి. నలుగురూ ఒకే మాట వాడుతూ నాలుగు సంగతులు మాట్లాడుతుంటారు. ఆ తేడా తెలియడానికే కొన్ని నెలలు పడుతుంది.

రెండోది కాలం. గ్రామాల అధ్యయనం 1975లో మొదలైతే దాని సారాంశాన్ని వివరించే థామస్ వాకర్, జేమ్స్ రయాన్‌ల పుస్తకం వచ్చింది 1990లో. మూడేళ్లకో ఐదేళ్లకో ముగిసే ప్రాజెక్టులతో ఇలాంటివి కుదరవు.

మూడోది పేరు. నలుగురు రాసిన పత్రంలో ఎవరి వాటా ఎంత? పదోన్నతి కమిటీలో కూర్చునేవాళ్లు ఒక శాస్త్రానికి చెందినవాళ్లు. వారి పత్రికల్లో రాయనివారి పని వారి కంటికి ఆనదు.

నాలుగోది డబ్బు. ఆస్ట్రేలియాలో పరిశోధన నిధుల కోసం ఐదేళ్లలో వచ్చిన 18 వేలకు పైగా దరఖాస్తులను పరిశీలించి 2016లో నేచర్ పత్రిక ఓ అధ్యయనం ప్రచురించింది. ఎంత దూరపు శాస్త్రాలను కలిపితే నిధులు వచ్చే అవకాశం అంత తగ్గుతోందని తేలింది. కలిసి పనిచేయండని అందరూ అంటారు, తీరా అలా వస్తే ఏ అరలో పెట్టాలో తెలియక పక్కన పెడతారు!

రైతులు తీర్పు చెప్పిన వేళ

మరో పెద్ద ప్రశ్న ఉంది. ఇన్ని శాస్త్రాలు కూర్చున్న బల్ల దగ్గర రైతుకు కుర్చీ ఉందా? నారాయణఖేడ్‌కు పొరుగునే ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. పేద దళిత మహిళా రైతుల సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను కాపాడిన తీరుతో దానికి పేరొచ్చింది. అక్కడే 2001 జూన్‌లో ‘ప్రజాతీర్పు’ పేరుతో ఓ ప్రయోగం జరిగింది. రాష్ట్ర భవిష్యత్ వ్యవసాయం ఎలా ఉండాలన్న అంశం మీద చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు. మూడింట రెండు వంతుల మందికి పైగా మహిళలే. ప్రభుత్వ, కంపెనీల, విశ్వవిద్యాలయాల, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు సాక్షులుగా వచ్చి వాదనలు వినిపించారు. జన్యుమార్పిడి పంటలనూ, యంత్రాలతో కూలి పని తగ్గించడాన్నీ వద్దన్నది జ్యూరీ. తమ భూమి, విత్తనం, తిండి తమ చేతిలో ఉండాలంది.

ఆ నివేదిక బ్రిటన్ దాకా వెళ్లి 2002లో దుమారం రేపింది. ఇది పరిశోధనా, ప్రచారమా అన్నారు కొందరు. జ్యూరీని ఎంచిన తీరు సరిగ్గా లేదన్నారు. సామాన్యుల మాటకు శాస్త్ర చర్చలో చోటివ్వడం తప్పెలా అవుతుందని మరికొందరు ఎదురు ప్రశ్నించారు. శాస్త్రాల మధ్య గోడ దాటడం కష్టమైతే, శాస్త్రానికీ సామాన్యుడికీ మధ్య ఉన్న గోడ దాటడం ఇంకెంత కష్టమో ఆ గొడవ చూపించింది.

గింజలో ఇనుము

ఏమైనా ఆ పాత పాఠాలు వృథా పోలేదు. ఇక్రిశాట్, పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన ‘పర్భణీ శక్తి’ జొన్న 2018లో మహారాష్ట్రలో విడుదలైంది. ఇనుము, జింకు ఎక్కువగా ఉండేలా రూపొందించిన మన దేశపు తొలి జొన్న రకం ఇది. పోషకాలు పెంచాలన్న పాత కోరిక ఇందులో తీరింది. నాటి లైసిన్ జొన్నలా దిగుబడిని వదులుకోకుండా తీరింది.

2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా పలు శాస్త్రాలు కలిపి చదవాలనే అంటోంది. కందిలోని ఐఐటీ లాంటి చోట్ల విభాగాల హద్దులు దాటే పీహెచ్‌డీలు చేసే వీలుంది. కాగితం మీద దారులు తెరుచుకున్నాయి. వాటిలో నడిచేవారికి మార్కులు, ఉద్యోగాలు, పదోన్నతులు ఇచ్చేవారు కూడా హద్దులు దాటి ఆలోచించాలి. లేదంటే తెలివైన కుర్రాళ్లు భద్రంగా ఉన్న ఒక్క సబ్జెక్టునే పట్టుకుని కూర్చుంటారు. అది వారి తప్పు అనలేం.

నారాయణఖేడ్ లాంటి ఊళ్ల నుంచి వచ్చే విద్యార్థికి ఈ విషయంలో ఓ సౌలభ్యం ఉంది. పొలంలో జొన్న, వంటింట్లో రొట్టె, కొట్టంలో చొప్ప, అంగట్లో ధర... నాలుగూ ఒకే ఇంటి సంగతులని అతడికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ చూసిందే. కాలేజీలో చేరాక అవి నాలుగు వేర్వేరు భవనాల్లో, నాలుగు వేర్వేరు పుస్తకాల్లో కనిపిస్తాయి. వాటిని మళ్లీ ఒక్కచోటికి చేర్చే ఓపిక ఉంటే చాలు, పరిశోధనకు విషయం వెతుక్కునే పనుండదు!